చివరి తిప్పు

బజారులో అందరూ అతన్ని చిన్న తాళం అంటారు. వాళ్లన్నయ్య పెద్ద తాళం. ఇద్దరిదీ ఒకటే కొట్టు. చెప్పుల దుకాణానికీ గిన్నెల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, మనిషి నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడల నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. ముందు బల్ల దగ్గర పెద్ద తాళం కూర్చుంటాడు. వెనక చిన్న పీట మీద ఆకురాయి పట్టుకుని చిన్న తాళం. నలభై దాటి, చెవుల పక్కన జుట్టు నెరిసిన మనిషిని ఇంకా చిన్న తాళం అనడమేమిటని మీరడగొచ్చు. అతని భార్య పెళ్లైన దగ్గర్నుంచీ అదే అడుగుతోంది.

నాన్న పోయేనాటికి చిన్నవాడికి పలక మీద అక్షరాలు కూడా కుదురుగా రావు. అన్నయ్యకి అప్పుడప్పుడే మీసాలొస్తున్నాయి. చదువు మానేసి నాన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. తమ్ముడికి అన్నం కలిపి పెట్టడం దగ్గర్నుంచి జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకోవడం దాకా అన్నీ ఆయనే. పనీ ఆయనే నేర్పాడు. కళ్లు మూసుకోమనేవాడు. "తాళంతో కొట్లాడకురా, అది ఏమంటోందో విను" అనేవాడు. ఆ రోజుల్లో అన్నయ్య చెయ్యి చూడాలి. తలుపు తట్టినంత తేలిగ్గా తాళం తెరిచేవాడు. తమ్ముడు పక్కన నోరు తెరుచుకుని చూసేవాడు, ఆ చెయ్యంటే అతనికి దేవుడే.

ఆ చేతికి వణుకొచ్చింది. మొదట టీ గ్లాసు దగ్గర కనిపించింది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు ఎవరో పెద్దమనిషి తాళంచెవి పోయిన ఇనప్పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అన్నయ్య తీగ లోపలికి పోనిచ్చాడు, జారింది. మళ్లీ పోనిచ్చాడు, మళ్లీ జారింది. ఆ పెద్దమనిషి మర్యాదకి మొహం అటు తిప్పుకున్నాడు. ఆ మొహం తిప్పుకోవడం తమ్ముడు చూశాడు. ఆయన వెళ్లాక తమ్ముడే అన్నాడు, "అన్నయ్యా, ఇకమీదట పని నేను చేస్తా. చివరి తిప్పు మాత్రం నువ్వు తిప్పు" అని. ఎవరో బలవంతపెట్టి చేయించారనుకునేరు. అన్నది వీడే. తన నోటితోనే అన్నాడు.

తాళంచెవి లేకుండా తాళం తీయడమంటే ఇదీ పద్ధతి. వంచిన రేకుముక్క ఒకటి తాళంలో పెట్టి ఒక చేత్తో నొక్కి పట్టుకోవాలి. రెండో చేత్తో సన్న తీగ పోనిచ్చి లోపలున్న చిన్న చిన్న సీలల్ని ఒక్కొక్కటే పైకి లేపాలి. అన్నీ లేచాక రేకు తిప్పితే తెరుచుకుంటుంది. మధ్యలో ఆ నొక్కు ఏమాత్రం సడలినా లేచినవన్నీ టపటపా పడిపోతాయి, మళ్లీ మొదటికే. తమ్ముడు వెనక పీట మీద ఆ పనంతా చేసి, ఆ పెట్టెని అలాగే పట్టుకుని బల్ల దగ్గరికొచ్చి "అన్నయ్యా" అంటాడు. అన్నయ్య కళ్లజోడు సవరించుకుని వంగి రేకు మీద వేలు వేస్తాడు. తమ్ముడు చెయ్యి తీసినట్టే కనిపిస్తుంది, కానీ తీయడు. చిటికెన వేలు కింద నుంచి రేకుని ఒత్తి పట్టుకునే ఉంటుంది. బల్ల అవతల ఉన్నవాళ్లకి అది కనపడదు. అన్నయ్య తిప్పుతాడు, తాళం తెరుచుకుంటుంది. "పెద్ద తాళం చెయ్యి పడితే చాలు" అని జనం వెళ్లిపోతారు. ఆ చిటికెన వేలు గురించి అన్నదమ్ములిద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు.

ఇంట్లోనూ అంతే. ముందు రెండు గదులు అన్నయ్యా వదినలవి, వెనక గది చిన్న తాళానిది, మధ్యలో అందరికీ ఒకటే వంటిల్లు. తాళాలవాళ్ల ఇల్లు, కానీ ఆ వెనక గది తలుపుకి గడియ లేదు. "మన మధ్య గడియలేంట్రా" అన్నాడు అన్నయ్య పెళ్లప్పుడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమతోనే వచ్చింది చిక్కంతా. కొట్టేవాడైతే ఎదురు తిరగొచ్చు, తిట్టేవాడైతే మాట అనొచ్చు. అన్నం కలిపి పెట్టినవాడి దగ్గర నోరెలా పెగులుతుంది?

ఇదిలా ఉండగా వీధి చివర కొత్త బజారు కట్టారు. దాని గేటు పక్కన ఒక చిన్న గది మిగిలింది. బట్టల కొట్టాయన బజారు సంఘానికి సెక్రటరీ. ఆయన చిన్న తాళాన్ని పక్కకి పిలిచి చెప్పాడు. "ఆ గది నీకిద్దామనుకుంటున్నాం. కానీ నీ చెయ్యి తిరిగిందో లేదో నాకెలా తెలుస్తుంది? మాకు తెలిసింది మీ అన్నయ్య చెయ్యే. ఆయన సరే అంటే నీదే. ఆయన్ని కాదని ఇచ్చి నేను మాట పడలేను. వచ్చే ఆదివారం మన సంఘం పక్షుల పార్కుకి వెళ్తోంది కదా, బస్సు తిరిగొచ్చేలోపు ఆయన నోటితో సరే అనిపించు. లేకపోతే గడియారాలు బాగుచేసే ఆయన నా ప్రాణం తీస్తున్నాడు, ఆయనకిచ్చేస్తాను."

ఈ మాట అతను భార్యకి చెప్పాడు. ఆవిడ కుట్టుమిషను ఆపి, "చెప్తారా?" అంది. "చెప్తాను" అన్నాడు. రోజూ చెప్తాననే కొట్టుకి వెళ్లేవాడు, రోజూ నీళ్లు నమిలి ఇంటికొచ్చేవాడు. చూస్తుండగానే ఆదివారం వచ్చేసింది.

బస్సులో అన్నయ్య ఎప్పటిలాగే తమ్ముణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి తను ఇవతల కూర్చున్నాడు. చిన్నప్పుడు బస్సులోంచి పడిపోతాడని అలా కూర్చోబెట్టేవాడు, ఆ అలవాటు ఇంకా పోలేదు. అవతలి వరసలో చిన్న తాళం భార్య. ఆవిడ కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంది కానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"అన్నయ్యా, ఒక మాట."

"చెప్పరా."

ముందు సీట్లో గిన్నెల కొట్టావిడ వెనక్కి తిరిగి బిస్కెట్ల పొట్లం చాపింది. అన్నయ్య ఒకటి తీసుకుని ముందు తమ్ముడికిచ్చాడు.

"ఏదో అన్నావు?"

"కడుపులో తిప్పకుండా మాత్ర వేసుకున్నావా అని."

అవతలి వరసలోంచి ఆవిడ నిట్టూర్చిన చప్పుడు బస్సు చప్పుడులో కూడా వినిపించింది. నేనైతే ఆ చోటే నెత్తిమీద ఒక్కటి మొట్టేదాన్ని. ఆవిడ మంచిది కాబట్టి ఊరుకుంది.

పార్కు అంటే పూలమొక్కలూ ఉయ్యాలలూ అనుకుని వచ్చినవాళ్లంతా గేటు దగ్గరే మొహాలు వేలాడేశారు. కనుచూపు మేర నీళ్లూ బురదా, ఆ బురదలో మనిషెత్తు రెల్లు. టోపీ పెట్టుకున్న గైడు అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "మనం నీళ్ల మీద వేసిన చెక్కల బాట మీద నడుస్తామండీ. ఒకరి వెనక ఒకరు. ముందువాళ్లని దాటి వెళ్లకూడదు, వెనక్కి తిరగకూడదు, కేకలు వేయకూడదు. పక్షులు భయపడతాయి."

"మా ఆయన బతుకు గురించి చెప్తోంది" అంది చిన్న తాళం భార్య, ఎవరికీ వినపడకుండా.

ఆ బాట ఎంత సన్నగా ఉందంటే ఒకరి చెప్పు మడమ ఇంకొకరి వేళ్లకి తగులుతోంది. రెండు పక్కలా పట్టుకోవడానికి తాళ్లు కట్టారు, అవతల రెల్లు గోడలా ఉంది. ముందు గిన్నెల కొట్టావిడ మోకాళ్ల నొప్పితో అడుగు తీసి అడుగేస్తోంది, ఆవిడ ఎలా నడిస్తే వెనకవాళ్లంతా అలాగే నడవాలి. చిన్న తాళం ముందు అన్నయ్య వీపు, వెనక భార్య ఊపిరి. ఎండకి చెమట కారుతోంది. దూరంగా నీళ్లలో కొంగలు తాపీగా నిలబడి ఉన్నాయి. వాటికేం పని, వాటికేం తొందర. ఇప్పుడు చెప్దాం, ఈ మలుపు తిరిగాక చెప్దాం అనుకుంటూ నడిచాడు. మలుపులన్నీ అయిపోయాయి.

బాట చివర పక్షులు చూసే గది వచ్చింది. గదంటే పెద్ద చెక్కపెట్టె. లోపల చీకటి, రెండు వరసల బల్లలు, ఎదురు గోడలో కళ్లెత్తున పొడుగ్గా ఒక సందు, చెయ్యి దూరుతుంది గానీ తల దూరదు. ఆ సందులోంచి చూస్తే చెరువంతా కనిపిస్తుంది, పక్షులకి మాత్రం మనం కనపడం. గైడు అమ్మాయి తలుపు కింద ఒక చెక్కముక్క దోపి, "ఈ తలుపు ముట్టుకోకండి, దయచేసి" అంది.

చెప్పింది, పెద్ద తాళం విన్నాడు కూడా. కానీ ఆయనకో రోగం ఉంది, ఆ పని చేసేవాళ్లందరికీ ఉంటుంది. సగం మూసిన తలుపు చూస్తే ప్రాణం ఆగదు. గాలికి ఆ తలుపు టకటకా కొట్టుకుంటోంది. ఆఖర్న కూర్చున్న పెద్దాయన కాసేపు ఓర్చుకున్నాడు, ఇంకాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత కాలితో చెక్కముక్కని మెల్లిగా పక్కకి నెట్టి, తలుపు చక్కగా లాగి వేశాడు. టక్కున పడింది. "తలుపంటే అలా వేయాలి" అని తమ్ముడి చెవిలో అన్నాడు, తృప్తిగా.

గైడు అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. "అందుకేనండీ చెక్క పెట్టింది. లోపలి పిడి ఊడిపోయింది. తాళంచెవి ఆఫీసు మనిషి దగ్గర ఉంది." చేతిలో ఉన్న వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడింది. తాళంచెవులున్న మనిషి చెరువు అవతలి గట్టున ఇంకో బృందంతో ఉన్నాడట, చుట్టూ తిరిగి రావాలట, భోజనాల వేళ దాటిపోవచ్చట.

గదిలో కలకలం లేచింది. గిన్నెల కొట్టావిడ చీర కొంగుతో విసురుకుంటూ, "మూసిన గదుల్లో నాకు ఊపిరాడదు, ముందే చెప్తున్నా" అంది. చెప్పడమే కాదు, ఆవిడ పెదవులు తెల్లబడ్డాయి. చిన్న తాళానికీ ఊపిరాడలేదు, కానీ అది గది వల్ల కాదు. రాబోయేదేమిటో అతనికి తెలుసు. సెక్రటరీ గొడుగు నేలకేసి తాటించి అననే అన్నాడు. "పెద్ద తాళం లోపల ఉండగా మనకి భయమేంటయ్యా?"

అందరి మొహాలూ విప్పారాయి. అందరూ అటు తిరిగారు. అన్నయ్య జేబులు తడుముకున్నాడు. "పనిముట్లు తేలేదండీ. షికారుకొస్తూ ఎవరు తెస్తారు?" అన్నాడు. ఆయన మొహంలో ఎంత హాయి కనిపించిందో తమ్ముడొక్కడే చూశాడు. ఆయన తేకపోవడం వల్ల ఆయన పరువు దక్కింది. ఇక అందరూ కూర్చుని ఎదురుచూడటమే.

తమ్ముడు కూడా నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ గిన్నెల కొట్టావిడ ఎగశ్వాస తీస్తోంది. సెక్రటరీ ఎదురుగా ఉన్నాడు. పైగా అది మామూలు చవకరకం తాళమని దాని మొహం చూస్తేనే తెలుస్తోంది. "సెక్రటరీ గారూ, మీ గొడుగు పుల్ల ఒకటి ఇస్తారా?" అన్నాడు.

సెక్రటరీ కొత్త గొడుగుని ప్రాణం పోతున్నట్టు చూసుకుని ఇచ్చాడు. చిన్న తాళం పుల్ల విరిచి బూటు కింద చదును చేసి, కొన వంచి రేకు చేశాడు. ఇంకా తీగ కావాలి. వెనక్కి తిరిగేసరికి భార్య జడలోంచి పిన్ను తీసి పట్టుకుని నిలబడి ఉంది. అతని చేతిలో పెడుతూ, పెదవులు కదిలీ కదలనట్టు అంది.

"చివరి తిప్పు కూడా మీరే తిప్పండి."

మోకాళ్ల మీద కూర్చున్నాడు. తడికి తుప్పు పట్టిన తాళం. రేకు పెట్టి నొక్కి, పిన్ను లోపలికి పోనిచ్చి కళ్లు మూసుకున్నాడు. మొదటిది లేచింది. రెండోది మొరాయించింది, కాసేపు బతిమాలితే లేచింది. చుట్టూ తలలు వంగి చూస్తున్నాయి, ఎవరి ఊపిరో మెడకి వెచ్చగా తగులుతోంది. వెనక పీట మీద తప్ప జనం మధ్య అతనెప్పుడూ ఈ పని చేయలేదు. చేతులు మాత్రం పీట మీద ఉన్నట్టే ఉన్నాయి, ఏ బెరుకూ లేదు. అది చూసి అతనికే ఆశ్చర్యమేసింది, లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. ఆఖరిది లేచింది. రేకు వెంట్రుకవాసి కదిలింది. ఇక తిప్పడమే.

"అన్నయ్యా" అన్నాడు.

అనాలనుకోలేదు. ఒట్టు, అనాలనుకోలేదు. ఇన్నేళ్లుగా ఆఖరి సీల లేవగానే నోట్లోంచి వచ్చే మాట అది, అదే వచ్చింది. వెనక భార్య రెండు చేతులతో మొహం మూసుకోవడం చూడకుండానే అతనికి తెలిసింది.

అన్నయ్య వచ్చి వంగి, రేకు మీద వేలు వేశాడు. తమ్ముడు చిటికెన వేలు కిందికి పోనిచ్చాడు. కానీ ఇక్కడ బల్ల లేదు, చాటు లేదు. "ఇద్దరూ కలిసి తిప్పుతారా ఏంటి?" అని ఎవరో నవ్వారు. అన్నయ్య చెవిలో అన్నాడు, "తియ్యరా వేలు. చూస్తున్నారు."

తీశాడు.

అన్నయ్య వేలు వణికింది. లోపల టపటపా చప్పుడు. ఆ చప్పుడు ఆ గదిలో ఇద్దరికే అర్థమైంది. మిగతావాళ్లకి తాళం తెరుచుకోలేదని మాత్రమే తెలుసు. "ఏమైంది?" అన్నాడు సెక్రటరీ. పెద్దాయన వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, తేలు కుట్టిన దొంగలా. జనం ఆ చేతి వంకే చూస్తున్నారు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, గేటు పక్కన గది దానంతటదే వచ్చి అతని ఒళ్లో పడుతుంది.

"నా తప్పేనండీ" అన్నాడు చిన్న తాళం. "ఒకటి సరిగ్గా లేపలేదు. అన్నయ్యదేం లేదు."

అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకుని, సెక్రటరీ వంక చూసి నవ్వుతూ అన్నాడు. "వాడికింకా చెయ్యి తిరగలేదండీ. నా దగ్గర ఇంకొన్నాళ్లు ఉండాలి. ఒంటరిగా వదిలితే అల్లరిపాలవుతాడు."

సెక్రటరీ తలూపాడు. ఊపి, చిన్న తాళం మొహంలోకి చూడకుండా సందులోంచి చెరువు వైపు చూశాడు. అంతే, అయిపోయింది. చిన్న తాళానికి ఒళ్లంతా మండింది. లేచి అన్నయ్య కాలర్ పట్టుకోవాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగేసి మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఎందుకంటే గిన్నెల కొట్టావిడ కళ్లు తేలేస్తోంది.

ఈసారి అన్నయ్య దగ్గరికి రాలేదు. ఆ చివర బల్ల మీద కూర్చుని పక్షుల్ని చూస్తున్నట్టు సందుకి మొహం ఆనించాడు. తమ్ముడు సీలలన్నీ లేపాడు. నోరు గట్టిగా మూసుకున్నాడు. పళ్లు బిగించి తనే తిప్పాడు. తలుపు తెరుచుకుంది.

ఇన్నేళ్లలో జనం ఎదుట అతను తిప్పిన మొదటి చివరి తిప్పు అది. ఎవరైనా చూశారా అంటే, చూడలేదు. వెలుతురు కనపడగానే అందరూ ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డారు. చిన్న తాళం ఇంకా నేల మీదే ఉన్నాడు, అతని చేతిని ఎవరో తొక్కారు కూడా. బయటికెళ్లి గాలి పీల్చుకుని అంతా పెద్ద తాళం చుట్టూ చేరారు. "మీరు లేకపోతే సాయంత్రం దాకా అందులోనే" అన్నారు. "తమ్ముడికి బాగానే నేర్పారు, ఎంతైనా మీ చెయ్యే కదా" అన్నారు. గిన్నెల కొట్టావిడ ఆయనకి దండం పెట్టింది. ఆయన వద్దు వద్దంటూనే పెట్టించుకున్నాడు.

తిరుగు ప్రయాణం కూడా ఇంకో సన్న బాట మీదే. అన్నయ్య, వెనక తమ్ముడు, వెనక భార్య, ఆవిడ వెనక మిగతా జనం. ఆ కోపం చల్లారకముందే అనాలని చిన్న తాళానికి తెలుసు. చల్లారిందంటే ఇక జన్మలో అనలేడు.

"అన్నయ్యా, నీకో సంగతి చెప్పాలి."

"గది సంగతేగా" అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరక్కుండా.

చిన్న తాళం అడుగు తడబడింది. "నీకు తెలుసా?"

"సెక్రటరీ నీకంటే ముందు నన్నే అడిగాడు, వాణ్ణే వచ్చి అడగమనండన్నాను. నువ్వే వచ్చి చెప్తావని చూశాను. రోజూ చూశాను."

"తెలిసే అన్నావా లోపల ఆ మాట? నాకు చెయ్యి తిరగలేదని?"

అన్నయ్య ఆగిపోయాడు. ఆయన ఆగితే తమ్ముడాగాలి, తమ్ముడాగితే ఆ వరసంతా ఆగాలి. "తెలిసే అన్నాను" అన్నాడు. "భయమేసిందిరా. నువ్వు వెళ్లిపోతే ఎవరో ఒకరు పెట్టె తెచ్చి బల్ల మీద పెడతారు. నేను వేలు వేస్తాను. కింద నీ వేలుండదు." పక్కనున్న తాడు మీద చెయ్యి వేసి ఉన్నాడు, ఆ చేతి వణుకుకి తాడు అంత పొడుగునా అదురుతోంది. "నిన్ను ఆపను. వెళ్తానని అను, ఇప్పుడే సెక్రటరీ దగ్గర సరే అంటాను. నీ నోటితో చెప్పు. వెళ్తావా?"

ఇన్ని రోజులూ అతను కోరుకున్నది ఇదే. అన్నయ్య నోట్లోంచి సరే అన్న మాట. వచ్చేసింది, చేతికందేంత దగ్గర్లో ఉంది. ఒక్క మాట అంటే చాలు. ముందు అన్నయ్య వీపు, రెండు పక్కలా రెల్లు. ఆ వీపు మీద ఎక్కి బడికెళ్లినవాడికి, అది ఇంత వంగిపోయిందని ఇవాళ్టిదాకా తెలియలేదు.

"చెప్పండి" అంది వెనక నుంచి భార్య, చాలా మెల్లిగా.

"ఏంటి ఆగారు?" అని గిన్నెల కొట్టావిడ అడుగుతోంది. "నిలబడితే నా మోకాళ్లు పట్టేస్తాయి నాయనా."

చిన్న తాళం నోరు తెరిచాడు.

"నడువన్నయ్యా" అన్నాడు. "వెనక అందరూ ఆగిపోయారు."

అన్నయ్య ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత నడిచాడు. బస్సెక్కేటప్పుడు సెక్రటరీ ఏమంటావన్నట్టు కనుబొమలెగరేశాడు. "గడియారాల ఆయనకే ఇచ్చేయండి" అన్నాడు చిన్న తాళం, మంచినీళ్లడిగినంత మామూలుగా. అన్నయ్య అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తను ఇవతల కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక భార్య తిట్టి ఉంటే బాగుండేదని అతనికనిపించింది. ఆవిడ వెనక గది తలుపు వంక చూసి, "దీనికో గడియ పెట్టండి" అంది. అతను మేకులూ సుత్తీ తెచ్చి పెట్టాడు, ఇవతలి వైపు. అలా కాదంది. ఊడదీసి లోపలి వైపు పెట్టాడు. ఆవిడ లోపలికెళ్లి గడియ వేసుకుంది. అతను వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. ముందు గదిలోంచి వదిన వచ్చి, ఏమైందని కూడా అడక్కుండా అతని పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టి వెళ్లింది.

పొద్దున్నే కొట్టు తెరిచారు. మొదటి బేరం, ఊరికెళ్లే తొందరలో ఉన్న ఒకావిడ, తాళంచెవి పోయిన పెట్టె. చిన్న తాళం వెనక పీట మీద కూర్చుని ఒక్కొక్క సీలే లేపాడు. లేపి, పెట్టె పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు. "అన్నయ్యా" అన్నాడు.

పెద్ద తాళం కళ్లజోడు సవరించుకుని వంగి, రేకు మీద వేలు వేశాడు. కానీ తిప్పలేదు. ఆ బల్ల దగ్గర ఆయన అలా ఆగడం ఎప్పుడూ లేదు. పెట్టె ఆవిడ, "ఏమండీ, తెరుచుకోదా?" అంది. ఆయన తల ఎత్తలేదు, తమ్ముడి మొహంలోకి చూడలేదు. వేలు అలా పెట్టుకుని ఊరికే ఎదురుచూస్తున్నాడు.

తమ్ముడు చిటికెన వేలు కిందికి పోనిచ్చాడు. అప్పుడు అన్నయ్య తిప్పాడు.